అనంతగిరిపై సీతాకోకచిలుకలు

గడచిన చైత్రమున మావారి విద్యార్థులతో గూడి మేమును విశాఖపట్టణమునుండి అనంతగిరి కొండల కేగితిమి. మేము చదివిన ప్రబంధములలో వసంతమనిన కోయిలయు తుమ్మెదయునే. సీతాకోకచిలుకలకై కొండ యెక్కుట మా కిదియే మొదలు.

ఎండ తగులనిదే యవి యెగురవని, దారిచూపు యువకుడు మమ్ము కాఫీతోటయొద్ద గూర్చుండబెట్టెను. ప్రొద్దెక్కినపిదప మాకు గన్నులు చాలలేదు. వాగు తడియిసుకపై మగవి గుంపుగా వ్రాలి యుప్పుసారమును బీల్చుచుండెను.

నల్లరెక్కలపై తెల్లమచ్చలును ఎఱ్ఱచుక్కలును గల యొకదానిని జూపి యతడు, “ఇది పురుగుగా నున్నపుడు ఈశ్వరితీగ మేసి యొడలెల్ల విషము నింపుకొన్నది, పక్షులు ముట్టవు” అనెను. ప్రక్కనే యట్టిదే మఱియొకటి! “దీని కావిషము లేదమ్మగారూ, వేషము మాత్రమే. ఒడలు చూడుడు: దానిది ఎఱుపు, దీనిది నలుపు. ఇది మీ కరివేపచెట్టుపై బెరుగునదే” అని నవ్వెను. ఈ జాతి ఆడువానిలో కొన్నింటికే యీ వేషమట, మగవానికి లేదట! 1865లోనే వాలేసు అను ఆంగ్లపండితుడు దీనిని గూర్చి వ్రాసెను.

మాకు నవ్వు రాలేదు. పెరటి కరివేపపై పక్షిరెట్టవలె నుండి, పెరిగి పచ్చబడు పురుగులను యేటేట పుల్లతో దులిపి నలిపివేసిన చేతులు మావే. చారులోనికి ఆకు మిగులవలదా యని మా కోపము. ఇల్లు చేరిననాడే యొక కొమ్మను వానికి విడిచితిమి. అత్తగారి సమ్మతి యింకను దొరకలేదు.