జీవశాస్త్రంలో డిగ్రీ: చేరే ముందే ఆలోచించవలసిన విషయాలు
ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంత విద్యార్థులకు ప్రత్యేక వ్యాసం

ఏలూరు: ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివిన విద్యార్థులలో వైద్య విద్యలో సీటు లభించేది కొద్దిమందికి మాత్రమే. మిగిలినవారిలో చాలామంది ఒకటి రెండు సంవత్సరాలు లాంగ్‌టర్మ్ శిక్షణలో గడిపి, చివరకు బీఎస్సీలో చేరుతున్నారు. అలా చేరేటప్పుడు ఏ సబ్జెక్టు తీసుకోవాలి, దానితో ఏ దారులు తెరుచుకుంటాయి, ఏవి మూసుకుపోతాయి అన్న ఆలోచన ఎక్కువమందికి ఉండటం లేదు. స్నేహితులు చేరిన కోర్సు, ఇంటికి దగ్గరగా ఉన్న కళాశాల, ఇవే నిర్ణయానికి ఆధారాలవుతున్నాయి. పదిహేడేళ్ల వయస్సులో వెబ్ ఆప్షన్ల పత్రంలో పెట్టిన ఒక గుర్తు, ఐదేళ్ల తరువాత ఒక ఉద్యోగ ప్రకటనలోని అర్హతల గడి వద్ద అడ్డుపడే అవకాశం ఉన్నందున, ఈ విషయంలో అధ్యాపకుల సలహా తీసుకొని ప్రణాళిక వేసుకోవడం ఎంతో అవసరం.

పూర్వం ఈ అవసరం ఇంతగా ఉండేది కాదు. బీజెడ్‌సీగా ప్రసిద్ధి చెందిన వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలయికలో చేరిన విద్యార్థికి మూడు సబ్జెక్టులూ మూడు సంవత్సరాలు సమానంగా ఉండేవి. తరువాత మనసు మారినా మూడింటిలో దేనిలోనైనా ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు, లేదా బీఈడీ చేయవచ్చు. విద్యార్థి ఏమీ ఆలోచించకపోయినా పాఠ్యప్రణాళికే అతని తరఫున ఆలోచించేదని చెప్పవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యా విధానం 2015-16లో సెమిస్టరు పద్ధతికి, క్రెడిట్ల లెక్కకు మారింది. 2020-21లో నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి అయ్యాయి. 2021-22 నుండి డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమానికి మారింది. 2023-24లో ఒకే మేజర్, ఒక మైనర్ అనే విధానం వచ్చింది. ఒకే ఇంట్లో అక్క ఒక విధానంలోను, తమ్ముడు మరొక విధానంలోను చదివిన సందర్భాలు ఈ ప్రాంతంలో కొత్త కాదు. కాబట్టి అక్క అనుభవం తమ్ముడికి పూర్తిగా పనికిరాదు. ఏ విద్యా సంవత్సరంలో చేరితే ఆ సంవత్సరపు నిబంధనలే ఆ విద్యార్థికి చివరి వరకు వర్తిస్తాయి గనుక, చేరిన మొదటి వారంలోనే తమ బ్యాచి నిబంధనల ప్రతిని కళాశాల నుండి తీసుకొని దాచుకోవాలి.

మైనర్ ఎంపికే అసలు కీలకం

2023-24 విధానంలో చేరిన జీవశాస్త్ర విద్యార్థులందరికీ మొదటి సెమిస్టరులో సంప్రదాయ జీవశాస్త్ర పరిచయం, అనువర్తిత జీవశాస్త్ర పరిచయం అనే రెండు ఉమ్మడి కోర్సులు ఉంటాయి. మైనర్ రెండవ సెమిస్టరు నుండి మొదలవుతుంది. అంటే మైనర్ విషయంలో నిర్ణయానికి విద్యార్థికి దొరికే వ్యవధి దాదాపు ఒక సెమిస్టరు. ఈ వ్యవధిని చాలామంది గుర్తించరు. మైనర్ అనే మాటే చిన్నది అన్న అర్థాన్ని స్ఫురింపజేస్తున్నందున దానిని తేలికగా తీసుకుంటున్నారు. వాస్తవానికి బీజెడ్‌సీ రోజులలో ఉచితంగా లభించిన భద్రత ఇప్పుడు ఆ మైనర్‌లోనే ఉన్నది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. భారత అటవీ సర్వీసు పరీక్షకు పశుసంవర్ధక, పశువైద్యశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, సంఖ్యాశాస్త్రం, జంతుశాస్త్రం, వీటిలో కనీసం ఒక సబ్జెక్టుతో డిగ్రీ ఉండాలి, లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజనీరింగు పట్టా ఉండాలి. ఈ జాబితాలో బయోటెక్నాలజీ లేదు, మైక్రోబయాలజీ లేదు, ఆక్వాకల్చర్ కూడా లేదు. కొల్లేటి పక్షులను చూస్తూ పెరిగి అటవీ శాఖలో పని చేయాలని కలగన్న విద్యార్థి, పేరు ఆధునికంగా ఉన్నదని బయోటెక్నాలజీ మేజర్ తీసుకొని, మైనర్‌గా ఏదో ఒక కంప్యూటరు సబ్జెక్టు ఎంచుకుంటే ఆ పరీక్షకు దరఖాస్తు చేయడమే కష్టమవుతుంది. అదే విద్యార్థి వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో రసాయనశాస్త్రమో మైనర్‌గా తీసుకుని ఉంటే, తాను ఆ జాబితాలోని సబ్జెక్టును చదివానని చూపే ఆధారం మార్కుల పత్రంలోనే ఉంటుంది.

ఎమ్మెస్సీ ప్రవేశాలలోనూ ఇటువంటి షరతులే ఉంటాయి. 2021 నుండి రాష్ట్రంలో పీజీ ప్రవేశాలు ఏపీ పీజీసెట్ ద్వారా జరుగుతున్నాయి. ఏ కోర్సుకు డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివి ఉండాలో ప్రవేశ ప్రకటనలో ఉంటుంది. బీఈడీలో జీవశాస్త్ర బోధనా పద్ధతికి సంబంధించిన అర్హతలను కూడా ఎడ్‌సెట్ ప్రకటనలో ముందే చూసుకోవాలి. మూడవ సంవత్సరం చివర చూడవలసిన ఈ ప్రకటనలను మొదటి సంవత్సరంలోనే, పాత సంవత్సరపు ప్రతి అయినా సరే, మెంటార్ సమక్షంలో ఒకసారి చదవడం మంచిది. అర్ధగంట పని ఇది. దీనివల్ల కలిగే మేలు అంతా ఇంతా కాదు.

రసాయనశాస్త్రం పట్ల బైపీసీ విద్యార్థులలో ఒక విధమైన భయం ఉన్నది. దానిని తప్పించుకోవడానికే కొందరు మైనర్ మార్చుకుంటున్నారు. ఈ ప్రాంతపు పరిస్థితులలో ఇది అంత తెలివైన పని కాదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం పరిసరాలలో చేపల, రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ఆక్వా ల్యాబులు చాలా ఉన్నాయి. అక్కడ ప్రతి ఉదయం జరిగే పని ఉదజని సూచిక, అమోనియా, క్షారత, కాఠిన్యం, కరిగిన ప్రాణవాయువు కొలవడమే. వనామీ రొయ్యకు విబ్రియో బాక్టీరియా సోకినదో లేదో చూడటం సూక్ష్మజీవశాస్త్రం. అమోనియా ఎందుకు పెరిగినదో రైతుకు చెప్పగలగడం రసాయనశాస్త్రం. బొచ్చె, శీలావతి పెంచే రైతు తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని ఫోను చేస్తే, రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, నీటిలోని నాచు, చేపలు, అడుగున కుళ్లే పదార్థం అన్నీ కలిసి ప్రాణవాయువును వాడుకొన్నాయని చెప్పగలిగినవాడే అక్కడ నిలబడగలుగుతాడు. ఆ సమాధానంలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ ఉన్నాయి.

ఒకే పేరుతో వేర్వేరు పట్టాలు

తల్లిదండ్రులలో తరచు కనిపించే మరొక అయోమయం కోర్సుల పేర్ల విషయంలో ఉన్నది. డిగ్రీ కళాశాలలో చదివే బీఎస్సీ ఆక్వాకల్చర్ వేరు, మత్స్య కళాశాలలో చదివే నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ వేరు. రెండవది వృత్తి విద్యా కోర్సు. దానికి ఇఏపీసెట్‌లో బైపీసీ విభాగం ర్యాంకు కావాలి. అలాగే తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయపు బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ కూడా ఇఏపీసెట్ ద్వారానే లభిస్తుంది. డిగ్రీ కళాశాలల్లో సాధారణ బీఎస్సీ పూర్తిచేసిన తరువాత ఆ వృత్తి కోర్సుల పీజీకి నేరుగా వెళ్లవచ్చునని భావించి చేరినవారు ఆనక నిరాశ చెందుతున్నారు. అయితే సాధారణ ఆక్వాకల్చర్ డిగ్రీకి విలువ లేదనుకోవడం కూడా పొరపాటే. 2019లో గ్రామ సచివాలయాలకు మత్స్య సహాయకులను నియమించినప్పుడు, ఆక్వాకల్చర్ లేదా ఫిషరీస్ ముఖ్య సబ్జెక్టుగా గల డిగ్రీని కూడా అర్హతగా పరిగణించారు.

ఈ ప్రాంతంలో డిగ్రీ విద్యకు దీర్ఘ చరిత్ర ఉన్నది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల 1945లోను, సెయింట్ థెరిసా మహిళా కళాశాల 1953లోను ఏర్పడ్డాయి. భీమవరంలో డి.ఎన్.ఆర్. కళాశాల కూడా 1945లోనే ఏర్పడినది. తాడేపల్లిగూడెంలో డి.ఆర్.జి. ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. 2006లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి తాడేపల్లిగూడెంలో ఒక ప్రాంగణం ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో పాత కృష్ణా జిల్లా నుండి వచ్చిన కైకలూరు, నూజివీడు ప్రాంతాలు కూడా చేరాయి. పాత కృష్ణా జిల్లా కళాశాలలు 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చినవి. అందువల్ల ఒక కళాశాలలో చేరి మధ్యలో మరొక కళాశాలకు మారదలచినవారు, రెండూ ఏ విశ్వవిద్యాలయ పరిధిలోనివో ముందే తెలుసుకోవాలి. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు తమ పరీక్షలను తామే నిర్వహించుకుంటాయి గనుక అక్కడ ఈ విచారణ మరింత అవసరం.

లంక గ్రామాల విద్యార్థులు

కొల్లేటి లంక గ్రామాల నుండి ఏలూరుకో కైకలూరుకో వచ్చి చదివే విద్యార్థులలో చాలామంది తమ ఇంట డిగ్రీ చదువుతున్న మొదటితరం వారు. వీరికి సలహా చెప్పగలవారు ఇంటి వద్ద ఉండరు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి డిగ్రీలో కణ విభజన అంటే తెలిసే ఉంటుంది, దాని ఆంగ్ల నామం మాత్రం కొత్తగా ఉంటుంది. తెలిసిన విషయమే తెలియనట్లు కనిపించి, మొదటి అంతర్గత పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ఈ దశలో సలహాదారు అధ్యాపకుడు ఒక్కసారి కూర్చోబెట్టుకొని మాట్లాడితే సరిపోయే సమస్య, మాట్లాడకపోతే మూడు నాలుగు బ్యాక్‌లాగ్‌లుగా పేరుకుపోతుంది.

హాజరు మరొక సమస్య. ఫీజు రీయింబర్సుమెంటుకు 75 శాతం హాజరు తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రహదారిపైకి నీరు వచ్చి రాకపోకలు నిలిచిపోయాయి. అటువంటి రోజులలో కళాశాలకు రాలేకపోయిన విద్యార్థి తిరిగి వచ్చిన వెంటనే మెంటార్‌కు లిఖితపూర్వకంగా తెలియజేసి, తప్పిపోయిన ప్రయోగ తరగతులను ఎప్పుడు చేయాలో అడిగి నిర్ణయించుకోవాలి. సెమిస్టరు చివర హాజరు జాబితా గోడపై అంటించిన తరువాత చెప్పుకుంటే అధ్యాపకుడు చేయగలిగినది చాలా తక్కువ. మెంటార్ వద్దకు వెళ్లడమంటే తప్పు చేసి పిలిపించుకోవడమనే భావన మన కళాశాలల్లో ఇంకా పోలేదు. ఇది విద్యార్థుల పొరపాటు మాత్రమే కాదు, మార్కులు తగ్గినప్పుడు తప్ప పిలవని అధ్యాపకులకు కూడా ఇందులో భాగమున్నది.

అయితే కొల్లేటి విద్యార్థికి ఉన్న ఒక సౌకర్యం నగర విద్యార్థికి లేదు. 2002 ఆగస్టులో రామ్‌సార్ జాబితాలో చేరిన 90,100 హెక్టార్ల చిత్తడి నేల అతని ఇంటి ముంగిట ఉన్నది. 1999లో దీనిలో కొంత భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించడం, జీవనోపాధికి, పరిరక్షణకు మధ్య నేటికీ సాగుతున్న వాదోపవాదాలు, ఇవన్నీ పర్యావరణశాస్త్ర పాఠ్యాంశాలు. ఆ విద్యార్థికి మాత్రం ఇవి ఇంటి మాటలు. రెండవ సెమిస్టరు తరువాత చేయవలసిన 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టుకు చాలామంది ఎక్కడో దొరికిన పాత నివేదికను తిరగరాసి ఇస్తున్నారు. దానికి బదులు తమ లంకలోనే తాగునీటి స్థితి, దోమల వ్యాప్తి, గుర్రపుడెక్క ఎక్కువైన కాలువలు, ఆటపాకలో గూడు కట్టే గూడబాతుల లెక్క వంటి ఏదో ఒక విషయాన్ని తీసుకొని సొంతంగా నమోదు చేస్తే, రేపు ఎమ్మెస్సీ మౌఖిక పరీక్షలోనో పరిశోధన దరఖాస్తులోనో అది చెప్పుకోదగినదిగా ఉంటుంది. అభయారణ్య పరిధిలో ఏ పని చేసినా అటవీ అధికారుల అనుమతి ముందుగా తీసుకోవాలి.

2023-24 విధానంలో ఆరవ సెమిస్టరును ఇంటర్న్‌షిప్‌కు కేటాయించారు. ఎక్కడ చేయాలన్నది నాలుగవ సెమిస్టరు నుండే విచారించుకోవాలి. ఏలూరు సమీపంలోని పెదవేగిలో 1995లో ఏర్పడిన ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది. ఉండిలోను, వెంకట్రామన్నగూడెంలోను కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. హేచరీలు, ఆక్వా ల్యాబులు, ఆసుపత్రి ప్రయోగశాలలు సరే సరి. కళాశాల ఉత్తరంతో ముందుగా వెళ్లి అడిగినవారికే ఇటువంటి చోట్ల అవకాశం లభిస్తుంది. పీజీ ప్రవేశ పరీక్షల తయారీ కూడా ఆ నెలలలోనే పడుతుంది గనుక, పరీక్ష రాయదలచినవారు ఇంటికి దగ్గరలో స్థలం చూసుకోవడం ఉత్తమం. ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం ఉన్నది, చదవడానికి సమయం లేకపోయినది అన్న పరిస్థితి రాకూడదు.

మూడేళ్లతో ఆపాలా, నాలుగవ సంవత్సరం ఆనర్స్ చదవాలా అన్న ప్రశ్న చివరిలో వస్తుంది. యూజీసీ 2022 డిసెంబరు నియమావళి ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్సుకు కనీసం 160 క్రెడిట్లు కావాలి. పరిశోధనతో కూడిన ఆనర్సుకు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. పరిశోధన వైపు వెళ్లదలచినవారికి నాలుగవ సంవత్సరం ఉపయోగపడుతుంది. ఉపాధ్యాయ వృత్తిలోకో త్వరగా ఉద్యోగంలోకో వెళ్లవలసినవారికి మూడేళ్లు చాలు. నాలుగేళ్లు చదివినవారికి ఒక ఏడాది పీజీకి వీలున్నా, చేరదలచిన విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉన్నదో లేదో తెలుసుకున్న తరువాతే నిర్ణయించుకోవాలి. ఇంటి ఆర్థిక స్థితిని కూడా దాచకుండా మెంటార్‌కు చెప్పాలి. అది తెలియకుండా ఇచ్చిన సలహా ఎంత మంచిదైనా ఆ విద్యార్థికి పనికిరాదు.

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా తెరవని విద్యార్థులు వెంటనే తెరవాలి. ఆధార్‌లో, పదవ తరగతి ధ్రువపత్రంలో పేరు ఒకే విధంగా లేనివారు మొదటి సంవత్సరంలోనే సరిచేయించుకోవాలి. ప్రతి సెమిస్టరు ప్రారంభంలో ఒకసారి, ఫలితాలు వెలువడిన వారంలో ఒకసారి మార్కుల పత్రంతో సహా మెంటార్‌ను కలవాలి. మైనర్ గురించి కలవదలచినవారు మొదటి సెమిస్టరు పరీక్షలు మొదలు కాకముందే కలవాలి.