పెద్ద షాకులు వేస్తే బండి ఎక్కువ బరువు మోస్తుందా?

నార్త్ యార్క్‌లో కీల్ స్ట్రీట్, ఫించ్ అవెన్యూ కలిసే చోటుకు దగ్గర్లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో మేమిద్దరం గుమాస్తాలం. జీతాల షీట్లు, పెట్రోలు బిల్లులు, క్యాంపు బండ్ల రిపేరు కాగితాలు అన్నీ మా బల్ల మీదికే వస్తాయి. మంచు కరిగి రోడ్లన్నీ గుంతలు పడ్డ రోజుల్లో, ఉత్తరాన ఉన్న క్యాంపు నుంచి డ్రైవరన్న ఫోను చేశాడు.

"తమ్మీ, బండి ఎనక షాకులు పోయినయ్. గుంత తగిలితే దబ్బున చాసిస్‌కు గుద్దుతున్నది. ఎనక సీట్ల కూసున్నోళ్ల నడుములు ఇరుగుతున్నయ్. జర పెద్ద షాకులు ఏపియ్యమని సారుకు చెప్పు."

మేము కాగితం రాసి పెట్టాం. సారు వెంటనే సంతకం పెట్టి, "పెద్దవే వేయించండి, ఇంకో నాలుగు సంచులు ఎక్కువ పట్టుకుపోవచ్చు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పేముందో అప్పుడు మాకూ తెలియలేదు. షాకు లావైతే బండికి బలం వస్తుందనే అనుకున్నాం. క్యాంపుల్లో చాలామంది అనుకునేది కూడా ఇదే కాబట్టి, మేము నేర్చుకున్నది నాలుగు ముక్కలు రాస్తున్నాం.

బండి బరువు మోసేవి షాకులు కావు, కమాన్లు. మన ఊళ్లో లారీ కింద చూసిన కమాను కట్టలే ఇక్కడి పికప్‌లలో చాలావాటికి వెనక ఉంటాయి. గుంతలో పడినప్పుడు కమాను వంగుతుంది, తర్వాత ఎగురుతుంది. వదిలేస్తే అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాకు పని. దాని లోపల నూనె, అందులో కదిలే పిస్టన్, పిస్టన్‌కు సన్నని దారులు ఉంటాయి. నూనె ఆ దారుల్లోంచి బలవంతంగా పోయేటప్పుడు ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. గ్యాసు నింపిన షాకులు వేస్తే వెనక భాగం రవ్వంత లేచినట్టు కనిపించవచ్చు గానీ, అది బరువు లెక్కలోకి వచ్చేది కాదు.

మరి పెద్ద షాకులు దండగేనా? కాదు. కంకర రోడ్డు మీద వరసగా చిన్న చిన్న గట్లు తేలి ఉంటాయి చూడండి, దాని మీద గంటసేపు పోతే మామూలు షాకు కాలిపోయేంత వేడెక్కుతుంది. నూనె నురగలు కట్టి పట్టు వదిలేస్తుంది. పొద్దున బాగా పోయిన బండి మధ్యాహ్నానికి పడవలా ఊగడానికి కారణం ఇదే. లావు షాకులో నూనె ఎక్కువ పడుతుంది, వేడి త్వరగా బయటికి పోతుంది. పిస్టన్ అడ్డుకొలత 46 మి.మీ. నుంచి 60కి పెరిగితే, నూనెను నెట్టే వైశాల్యం దాదాపు 1.7 రెట్లు అవుతుంది. అడవి దారుల్లో తిరిగే బండికి అది మంచిదే. గల్ఫ్‌లో ఇసుకలో హైలక్స్ తోలి వచ్చిన అన్నలకు ఈ సంగతి మేము చెప్పక్కర్లేదు. (ఇక్కడ హైలక్స్ అమ్మరు. 1995లో దాని స్థానంలో టకోమా వచ్చింది.)

షాపులో మెకానిక్కు బండి కిందికి దూరి, షాకుల సంగతి పక్కనపెట్టి మమ్మల్ని కూడా వంగి చూడమన్నాడు. కమాన్లు ఉండాల్సిన వంపు పోయి దాదాపు తిన్నగా అయిపోయాయి. చాసిస్‌కు, ఇరుసుకు మధ్య ఉండే రబ్బరు దిమ్మె నలిగి చీలిపోయింది. డ్రైవరన్న విన్న 'దబ్బు' అదే. "షాకులు కారుతున్నాయి, నిజమే. కానీ వాటిని చంపింది బరువు. కొత్తవి వేసినా ఇలాగే అవుతాయి" అన్నాడు. డ్రైవరు తలుపు తెరిచి పక్క స్తంభం మీది లేబులు చూపించాడు. మనుషులూ సామానూ కలిపి ఎన్ని కిలోలు దాటకూడదో దాని మీద ఉంటుంది. మా బండికి 540.

ఆ సాయంత్రం క్యాంపు ట్రిప్పు కాగితాలు తీసి లెక్క వేశాం. చలికోటు, బూట్లతో మనిషికి 85 కిలోలు అనుకుంటే ఐదుగురికి 425. మిగిలేది 115. ఇక్కడ కాంక్రీటు పొడి సంచి మన సిమెంటు బస్తాలా 50 కిలోలు ఉండదు, 30 ఉంటుంది. అంటే మూడు సంచులు, పైన ఒక పనిముట్ల పెట్టె. మా కాగితాల్లో ప్రతి ట్రిప్పుకూ పన్నెండు సంచులున్నాయి. అంటే 245 కిలోలు ఎక్కువ. ఆ అంకెలు వారం వారం టైపు చేసింది మేమే.

అంత బరువుతో వెనక కుంగితే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు, బ్రేకు రెండూ బలహీనపడతాయి. మంచు మీద సంగతి చెప్పనే అక్కర్లేదు. పట్టీలు కలిపి కమాను ఎత్తు చేసినా, గాలి సంచులు పెట్టినా వెనక భాగం లేస్తుందే తప్ప లేబులు మీది అంకె మారదు. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవేగా.

షాకులు మార్చే పని గురించి కూడా రెండు మాటలు. లావొక్కటే చూస్తే చాలదు, పొడవు కూడా కొలవాలి. ఇరుసు రబ్బరు దిమ్మెకు తాకినప్పుడు పైబోల్టుకూ కిందిబోల్టుకూ మధ్య ఉండే దూరం కంటే కొత్త షాకు మూసుకున్న పొడవు తక్కువ ఉండాలి. లేకపోతే షాకే దెబ్బ తిని పగులుతుంది. మరీ పొడుగైతే ఇరుసు ఎక్కువ కిందికి వేలాడి బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ తీగనూ లాగుతుంది. లావు షాకు సైలెన్సరు గొట్టానికి రాసుకోకుండా కూడా చూసుకోవాలి.

ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పుకు బోల్టులు తుప్పుపట్టి రాయిలా బిగుసుకుపోతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. విప్పేముందు చాసిస్‌ను స్టాండ్ల మీద నిలబెట్టి, ఇరుసు కింద వేరే జాకీ పెట్టాలి, ఎందుకంటే ఇరుసు పడిపోకుండా ఆపుతున్నది కొన్నిసార్లు ఆ పాత షాకే. గ్యాసు షాకును మంటతో కోయకూడదు, పేలుతుంది. చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే చేయాలి. గాలిలో ఉండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది. మన విజయవాడ ఆటోనగర్‌లో చేతులు కాల్చుకుని పని నేర్చుకున్న అన్నలు క్యాంపుల్లో ఉన్నారని తెలుసు. కానీ ఒంటారియోలో డబ్బు తీసుకుని బండ్లు బాగుచేయాలంటే 310ఎస్ ట్రేడు లైసెన్సు తప్పనిసరి. మొహమాటపడి కంపెనీ బండి మీద చెయ్యి వేయకండి.

మర్నాడు ట్రిప్పుల లెక్క, లేబులు ఫోటో కలిపి సారు ముందు పెట్టాం. మొదట విసుక్కున్నాడు. ఉద్యోగం పోతుందేమోనని మాకూ గుండె దడగానే ఉంది. డ్రైవరన్న మాత్రం ఫోనులో మెల్లగా, "సారూ, గంత బరువుతో నేను తోలలేను" అన్నాడు. ఒంటారియో భద్రతా చట్టం 43వ సెక్షను ప్రకారం, తనకు ప్రమాదం కలిగించేలా ఉన్న పరికరంతో పని చేయనని కార్మికుడు చెప్పవచ్చు. ముందు సూపర్‌వైజరుకు చెప్పాలి. అతను కార్మికుడి ఎదుటే విచారించాలి. అక్కడ తేలకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు. అలా చెప్పినందుకు పనిలోంచి తీసేయడం, జీతం కోయడం 50వ సెక్షను కింద నేరం. డ్రైవరన్నకు సెక్షన్ల నెంబర్లు తెలియవు, ఆ రాత్రి మేము చదివి చెప్పాం.

ఇప్పుడు ఆ బండికి కొత్త కమాన్లు, లావు షాకులు రెండూ వేశారు. సంచులు వారానికోసారి వేరే లారీలో పోతున్నాయి. మా ట్రిప్పు షీటులో "బరువు" అని కొత్త గడి పెట్టాం. డ్రైవరన్న పోయిన శుక్రవారం అందులో 510 అని రాసి పంపాడు.