మిల్లర్ల జబ్బు, గుర్రాల మేత చదువు

మొన్న మిల్లు గేటు కాడ ఒక అక్క ఆపి అడిగింది. "మా పాప ఎస్సెస్సెల్సీ రాసింది. గుర్రాలకి మేత చెప్పే డాక్టరవుతానంటాంది. అట్లాంటి చదువు ఉందా? లేకుంటే కామర్స్‌లో చేర్పించేస్తాం" అని. గేటు కాడ నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఉంది అక్కా. అది మన మిల్లుకి దగ్గరి చదువే.

సిరుగుప్పలో తవుడు ఎరగని పిల్లలు లేరు. అయితే తవుడు వల్ల గుర్రాలకి వచ్చే ఒక జబ్బుకి ఇంగ్లీషులో 'మిల్లర్స్ డిసీజ్' అని పేరుంది, అంటే మిల్లర్ల జబ్బు. వెనకట దొరల దేశాల్లో గోధుమ మిల్లుల వాళ్లు, మిగిలిన తవుడే కదా అని తమ గుర్రాలకి దండిగా పెట్టేవాళ్లు. గుర్రం కడుపు నిండేది గానీ, పోను పోను కాళ్లు కుంటేది, ముఖం ఎముకలు ఉబ్బేవి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మన వరి తవుడులో కాల్షియం కంటే భాస్వరం పదింతల పైనే ఉంటుంది. గుర్రం మొత్తం మేతలో మాత్రం కాల్షియం భాస్వరానికి సమానంగా అయినా ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. ఆ లెక్క తప్పితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది.

గేదెకి సరిపోయింది గుర్రానికి సరిపోదు. గేదె నెమరేస్తుంది, గుర్రం నెమరేయదు. దాని పొట్ట చిన్నది. తిన్నది పడకపోతే వాంతి చేసుకోలేదు. గడ్డి అరిగేది వెనక పేగుల్లో. 400 కిలోల గుర్రానికి రోజుకి కనీసం 6 కిలోల ఎండుగడ్డి కావాలి. ఉలవలో దాణానో ఒక్కసారిగా ఎక్కువ పెడితే కడుపునొప్పి వస్తుంది, గిట్టల్లో వాపు వస్తుంది, ప్రాణానికే ముప్పు. పచ్చి తవుడు కొన్ని రోజులకే ముక్కవాసన కొడుతుందని మనకి తెలుసు. అది ఎందుకు చెడుతుంది, వేడి చేసి ఎట్లా నిలవ పెట్టాలి అన్నదీ ఈ చదువులో పాఠమే.

ఇప్పుడు దారి చెప్తా. పీయూసీలో సైన్స్ తీసుకోవాల, అందులో బయాలజీ తప్పకుండా ఉండాల. కామర్స్‌లో చేరితే ఈ తలుపు మూసుకుపోతుంది. తర్వాత పశువైద్య డిగ్రీ, బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్లు. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారు. కర్ణాటక సీట్లకి సీఈటీ, అఖిల భారత కోటా 15 శాతం సీట్లకి నీట్. రూల్స్ మారుతుంటాయి గనక ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోండి. బీదర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం, కాలేజీ ఉన్నాయి. బెంగళూరు హెబ్బాళలోనూ కాలేజీ ఉంది. ఆంధ్రలో తిరుపతి, తెలంగాణలో హైదరాబాద్ విశ్వవిద్యాలయాలు.

ఇంకో మాట. బళ్లారి జిల్లా 371(జె) కింద ఉంది. కల్యాణ కర్ణాటక స్థానికులకి చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడితే అడ్డేమీ లేదు, స్థానికులమని అర్హత పత్రం ఉండాల. దానికి ముందే అర్జీ పెట్టుకోండి, సీటు కౌన్సెలింగ్ రోజున పరిగెత్తొద్దు.

డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీలో 'యానిమల్ న్యూట్రిషన్' తీసుకుంటే మేత శాస్త్రం చేతికొస్తుంది. గుర్రాల మీద పరిశోధనకి హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది, బికనీర్‌లో దాని శాఖ ఉంది. గుర్రాలతో పని ఉండే చోట్లు బెంగళూరు రేస్ కోర్సు, హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సు, కుణిగల్ గుర్రాల ఫారం, మైసూరు అశ్వదళం, సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్.

ఉన్న మాట దాచకూడదు. పీయూసీ అయినాక ఏడున్నర ఏళ్లు. మిల్లు కూలీతో అన్నేళ్లు నెట్టుకురావడం చిన్న సంగతి కాదు. గుర్రాలకే అంకితమైన ఉద్యోగాలు కొద్దే. అయినా ఈ డిగ్రీ చేతిలో ఉంటే సర్కారు పశువుల ఆసుపత్రి, డెయిరీ, కోళ్ల దాణా ఫ్యాక్టరీ, అన్నీ తెరిచే ఉంటాయి. అంత కాలం ఆగలేని ఇంటికి ఎస్సెస్సెల్సీ తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. ఆరు నెలల్లో గుర్రాల నిపుణుణ్ని చేస్తామని డబ్బులడిగే వాళ్లని మాత్రం నమ్మొద్దు. ముందు డాక్టరు, ఆ మీదటే గుర్రం.

అక్కా, పాపని కామర్స్‌లో చేర్పించే ముందు ఒక్క పని చెయ్యి. ఫారం మీద సైన్స్ అని రాయించు. బయాలజీ ఉందో లేదో నువ్వే ఒకసారి చూసుకో.