పద్దెనిమిది మడతలు

మన వాఙ్మయంలో పాకశాస్త్రానికి ప్రమాణపురుషులు ఇద్దరు: నలుడు, భీముడు. ఇద్దరూ రాజవంశీయులే గాని వృత్తిచేత వంటవారు కారు. రాజ్యం పోగొట్టుకొని, పేరు మార్చుకొని, పరుల కొలువులో తలదాచుకోవలసిన దుర్దినాలలో ఒకడు బాహుకుడై ఋతుపర్ణునికి వండిపెట్టాడు. మరొకడు వలలుడై విరాటుని వంటశాలలో గరిటె పట్టాడు. ఇల్లు విడిచినవానిని వంట నిలబెట్టటం పురాణకాలంతో ముగిసిన కథ అనుకునేవాడిని. అది నిన్న మొన్నటి చరిత్ర కూడా అని తైవాన్‌లోని ఒక భోజనశాలలో తెలుసుకున్నాను.

నా మేనల్లుడు ఆ దీవిలోని సించూ నగరంలో ఎలక్ట్రానిక్ పరిశ్రమలో ఉద్యోగి. వేసవి సెలవులలో అతనిని చూడబోయినప్పుడు, ఒక ఆదివారం నన్ను తైపే నగరానికి తీసుకొనిపోయి, 508 మీటర్ల ఎత్తున్న ‘తైపే 101’ సౌధాన్ని చూపించాడు. ఆ సౌధపు నేలమాళిగలో దిన్ తై ఫుంగ్ అనే భోజనశాల ఉన్నది. వాకిట జనం పుణ్యక్షేత్రంలో దర్శనానికి నిలబడినట్లు నిలబడి ఉన్నారు. మా చేతికి ఒక సంఖ్య వేసిన చీటీ, కావలసిన పదార్థాలకు గుర్తు పెట్టవలసిన కాగితం ఇచ్చారు. వేచి ఉండేవారికి విసుగు పుట్టకుండా ఒక ఏర్పాటు ఉన్నది: వంటగదికి ఒకవైపు గోడ లేదు, అద్దమే ఉన్నది.

ఆ అద్దంవెనుక తెల్లని దుస్తులు ధరించి, నోటికి గుడ్డలు కట్టుకొన్న యువకులు వరుసగా నిలబడి పని చేస్తున్నారు. ఒకరు గోధుమపిండి ముద్దను త్రుంచుతారు. ఒకరు దానిని నడుమ కొంచెం మందంగా, అంచులు పలుచగా ఉండేటట్లు వత్తుతారు. మరొకరు పూర్ణం పెట్టి, అంచును మడత మీద మడతగా పోగుచేసి కుడుముకు శిఖ చుడతారు. పైపొర 5 గ్రాములు, పూర్ణం 16 గ్రాములు, మొత్తం 21 గ్రాములు, మడతలు 18. ఇది ఆ సంస్థ పెట్టుకొన్న నియమం. బల్లమీద చిన్న త్రాసు ఉన్నది. ఇన్నివేల కుడుములు చుట్టిన చేతులు కూడా ఆ త్రాసును తృణీకరించటం లేదు.

ఆ కుడుము పేరు షియావ్ లుంగ్ బావ్. చిన్న వెదురుబుట్టలో ఆవిరిమీద ఉడికే పూర్ణపుకుడుము అని అర్థం. దాని విశేషమేమంటే లోపల మాంసంతోపాటు వేడి రసం ఉంటుంది. ద్రవాన్ని పలుచని పిండిపొరలో బంధించటం ఎట్లా అని ఆశ్చర్యపడ్డాను. రహస్యం సులభమైనదే. ఎముకలు, తోలు మొదలైనవి చిరకాలం ఉడికించి తీసిన రసాన్ని చల్లార్చితే అది ముద్దగా పేరుకొంటుంది. ఆ ముద్దను సన్నగా తరిగి పూర్ణంలో కలిపి చుట్టేస్తారు. ఆవిరి తగలగానే అది లోపలే కరిగి మళ్లీ రసమవుతుంది. పొర మందమైతే పిండిరుచి మిగులుతుంది. మరీ పలుచనైతే పగిలి రసం బుట్టపాలవుతుంది. ఆ తూకంలోని పట్టుదల డాబు కోసం కాదని అప్పుడు తెలిసింది.

మా వంతు వచ్చి కూర్చున్నాము. “మామయ్యా, దీనిని ఒక్కసారిగా నోట వేసుకుంటే నాలుక కాలుతుంది. ఇట్లా చూడండి” అని మేనల్లుడు కుడుమును పుల్లలతో మెల్లగా ఎత్తి చెంచాలో ఉంచి, పక్కన చిన్న గాటు పెట్టి, ముందు రసం త్రాగి, పిమ్మట సన్నని అల్లపు పోగులతో దానిని ఆరగించాడు. ఆ అల్లాన్ని ఒకపాలు సోయారసం, మూడుపాళ్లు పులుపురసం కలిపిన దానిలో నానవేస్తారు. నేను శాకాహారిని గనుక నాకు కూరలు, పుట్టగొడుగులు కూరిన కుడుములు తెప్పించాడు. చివర ఎర్రచిక్కుడు గింజలను తీపిగా రుబ్బి పెట్టిన కుడుములు వచ్చాయి. కొరికితే మన పూర్ణమే! వేల మైళ్ల దూరంలో, పుల్లల నడుమ నుండి, జిల్లేడుకాయకు చుట్టమొకటి నన్ను పలకరించినట్లైనది.

ఈ శాలను స్థాపించిన యాంగ్ బింగ్-యి 1927లో చైనాలోని షాన్సీ రాష్ట్రంలో పుట్టాడు. అంతర్యుద్ధపు రోజులలో, 1948లో, ఇరవై ఒక్క ఏండ్ల వయస్సున తైవాన్ చేరాడు. మరుసటి ఏడు చైనా జాతీయ ప్రభుత్వమే ఆ దీవికి తరలిపోవటంతో లక్షలాది కాందిశీకులు తమ తమ ప్రాంతాల వంటలను వెంటబెట్టుకొని అక్కడికి వచ్చారు. యాంగ్ ఒక నూనెకొట్టులో పనికి కుదిరాడు. ఆ కొట్టు మూతపడినది. 1958లో తానే నూనె వ్యాపారం పెట్టి, పాత యజమాని కొట్టు పేరులోని మాటలను కలుపుకొని ‘దిన్ తై ఫుంగ్’ అని పేరుంచాడు. కొంతకాలానికి కర్మాగారాలనుండి డబ్బాలలో నూనె రాసాగినది. విడిగా కొలిచి అమ్మే నూనెకు గిరాకి తగ్గినది. కూటి కోసం కోటి విద్యలు అన్నారు గదా! 1972లో, ఒక మిత్రుని సలహామీద, సిన్యీ రోడ్డులోని తన కొట్టులో సగభాగం కుడుములకు కేటాయించాడు. క్రమంగా నూనె పోయినది, కుడుములు నిలిచినవి.

ఆ వంటకం ఆయన సొంత ఊరిది కాదు, షాంఘై ప్రాంతపుది. తైవాన్ వరిపంట నేల. అక్కడ అది నిన్నటి అతిథి. అయినా 1993లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ చిన్న అంగడిని ప్రపంచంలోని పది మేటి భోజనశాలలలో ఒకటిగా పేర్కొన్నది. 1996లో టోక్యోలోనూ, 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ శాఖలు వెలసినవి. 2010లో హాంకాంగ్ శాఖకు మిషెలిన్ నక్షత్రం లభించినది. నూనెడబ్బాలు మోసిన యాంగ్ 2023లో, తొంబది ఆరవ ఏట కన్నుమూశాడు. కుడుములు మాత్రం అదే తూకంతో, అదే మడతలతో వస్తున్నవి.

నలోపాఖ్యానంలో దమయంతి బాహుకుడు వండిన మాంసాన్ని తెప్పించుకొని రుచి చూచి, అతడు నలుడేనని గుర్తుపట్టినది. అట్లా వండగలవాడు లోకంలో మరొకడు లేడు గనుకనే గుర్తుపట్టగలిగినది. ఇక్కడ అంతా విపరీతం. నా ముందున్న బుట్టలోని కుడుము ఎవరు చుట్టినదో ఆ దమయంతి వచ్చినా చెప్పలేదు. మొదట ఇది నాకు లోపంగానే తోచినది. చేతిరుచి లేని వంట ఏమి వంట?

ఆ రాత్రి మా అమ్మ చేసే కజ్జికాయలు జ్ఞాపకం వచ్చాయి. ఆమె అంచును జడ అల్లినట్లు అల్లేది. నూనెలో ఒక్కటీ విచ్చుకొనేది కాదు. పాళ్లు ఎంతెంత అని కోడళ్లు అడిగితే, “చేతికే తెలుస్తుందమ్మా” అనేది. ఆమె అన్నది నిజమే. ఆ చేతితోనే ఆ తెలివీ పోయినది. ఇప్పుడు మా ఇంట ఆ అల్లిక తెలిసినది అక్కయ్య ఒక్కతే. ఆమెకు అరువది దాటినవి. పిల్లలు పండుగకు కజ్జికాయలను అంగడినుండి కొనితెస్తారు. దమయంతి గుర్తుపట్టదగిన రుచి గొప్పదే; నలుడు లేనినాడు ఆ రుచి ఎక్కడ?

ఉపాధ్యాయులమైన మనకు ఇది పరాయి ప్రశ్న కాదు. పద్యాన్ని ఎక్కడ విరిచి చదవాలో, బాలుని చేత అక్షరం ఎట్లా దిద్దించాలో ‘అనుభవం మీద తెలుస్తుంది’ అని మనమూ అంటాము. దానిని విప్పి ఒకరి చేతిలో పెట్టము. తైపేలోని యువకులందరూ నలులు కారు. అయినా ఒకరు కనుగొన్నదానిని ఐదు గ్రాములుగా, పద్దెనిమిది మడతలుగా విడదీసి చెప్పటంచేత అది వందల చేతులకు ఎక్కినది. కొలత రుచిని పుట్టించదు. పుట్టిన రుచిని తరువాతి చేతికి దాటిస్తుంది.

ఊరు తిరిగి వచ్చిన పిమ్మట అక్కయ్యను కజ్జికాయలు చేయమని అడిగి, కాగితం, కలం పట్టుకొని పీటమీద కూర్చున్నాను. ఆమె అంచు అల్లుతుంటే మడతలు పైకి లెక్కపెట్టసాగాను. పదకొండవ మడత దగ్గర ఆమె వ్రేళ్లు ఆగిపోయినవి. “పైకి లెక్కపెట్టకురా, చెయ్యి తడబడుతున్నది” అని నవ్వినది. అప్పటినుండి మనస్సులో లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు. బియ్యపుపిండి ఎంత, మైదా ఎంత, బెల్లం ఎంత, కొబ్బరి ఎంత అన్నీ తూచి వ్రాసుకున్నాను. వచ్చే సంక్రాంతికి ఆ కాగితం చూచి మా కోడలు చేస్తానన్నది. మొదటి వాయి నూనెలో విచ్చుకొంటుందేమో, విచ్చుకోనీ.