నీడకూ ఓ కథ ఉంది!

హంతకుడెవరో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తారు. ఎందుకు చంపాడో కూడా చెప్పేస్తారు. అయినా చివరిదాకా కుర్చీలోంచి కదలనివ్వరు. అదీ 'ఫిల్మ్ నువార్' మహత్యం. నలుపు తెలుపుల్లో, సగం చీకట్లో నడిచే ఆ సినిమాల్లో నీడలు అందం కోసం పెట్టినవి కావు. వాటి వెనక ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనుషులున్నారు.

లాస్ ఏంజెలిస్ నగరం. అర్ధరాత్రి దాటింది. ఓ కారు సిగ్నల్‌ని కూడా లెక్కచేయకుండా దూసుకొచ్చి బీమా కంపెనీ భవనం ముందు ఆగింది. అందులోంచి దిగిన మనిషి భుజం మీద ఓవర్‌కోటు. నడకలో తడబాటు. తిన్నగా పై అంతస్తుకు వెళ్లి, మాటలు రికార్డు చేసే యంత్రం ముందు కూర్చున్నాడు. హత్య చేసింది తనేనని ఒప్పుకోవడం మొదలెట్టాడు. డబ్బు కోసం చంపాడు, ఓ స్త్రీ కోసం చంపాడు. డబ్బూ రాలేదు, ఆమే దక్కలేదు. చెబుతున్నంతసేపూ అతని భుజం నుంచి రక్తం కారుతూనే ఉంటుంది.

1944లో విడుదలైన 'డబుల్ ఇండెమ్నిటీ' ఇలా మొదలవుతుంది. దర్శకుడు బిల్లీ వైల్డర్. 'హంతకుడెవరు?' అన్న ప్రశ్నను మొదట్లోనే పక్కన పెట్టేసి, 'ఓ మామూలు మనిషి హంతకుడెలా అయ్యాడు?' అన్న ప్రశ్నను ప్రేక్షకుల ముందుంచిన సినిమా ఇది. థ్రిల్లర్లు తీయాలనుకునేవాళ్లు ఇప్పటికీ దీన్ని పాఠ్యపుస్తకంలా చూస్తారు.

ఓ సంతకం... ఓ ప్రాణం

కథ చిన్నదే. వాల్టర్ నెఫ్ ఓ బీమా ఏజెంటు. మాటకారి. కారు పాలసీ రెన్యువల్ కోసం ఓ ఇంటికి వెళ్తాడు. ఇంటాయన ఉండడు. ఆయన భార్య ఫిలిస్ ఉంటుంది. మాటల మధ్యలో, భర్తకు తెలియకుండా ఆయన పేరు మీద ప్రమాద బీమా తీసుకోవచ్చా అని అడుగుతుంది. ఆ ప్రశ్న వెనక ఏముందో నెఫ్‌కు వెంటనే అర్థమవుతుంది. లేచి వెళ్లిపోతాడు. కానీ మనసు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

కారు పాలసీ కాగితమని నమ్మించి ఆ భర్త చేత యాభై వేల డాలర్ల ప్రమాద బీమా మీద సంతకం పెట్టిస్తారు. రైలు ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్ము. సినిమా పేరుకు అర్థం అదే. ఇంకేముంది? హత్యను రైలు ప్రమాదంలా మలచడానికి పథకం వేస్తారు.

రచయిత జేమ్స్ ఎమ్. కెయిన్ ఈ కథను గాల్లోంచి పుట్టించలేదు. 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే గృహిణి, ఆమె ప్రియుడు కలిసి ఆమె భర్తను చంపారు. అక్కడా ఉన్నది భర్త పేరు మీద తీసుకున్న బీమా సొమ్ము ఆశే. మరుసటి ఏడు ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. ఆ కేసు స్ఫూర్తితో కెయిన్ రాసిన కథను తెరకెక్కించడానికి హాలీవుడ్ సెన్సార్ నిబంధనలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి వైల్డర్, డిటెక్టివ్ నవలల రచయిత రేమండ్ చాండ్లర్ కలిసి స్క్రీన్‌ప్లే రాశాక దారి దొరికింది.

వెలుగుతో రాసిన కథ

ఇప్పుడు తెర మీది వెలుగు సంగతి చూద్దాం. ఆ రోజుల్లో హాలీవుడ్ స్టూడియోల్లో నటుల ముఖానికి మామూలుగా మూడు లైట్లు వాడేవారు. ముఖాన్ని వెలిగించే ప్రధాన దీపం ఒకటి. ఆ దీపం వల్ల ముక్కు పక్కన, కంటి కింద పడే నీడల్ని చెరిపేసేది రెండోది. తలనూ భుజాల్నీ వెనకనున్న గోడ నుంచి విడదీసి చూపేది మూడోది. మూడూ సరిగ్గా కుదిరితే హీరోయిన్ ముఖం పున్నమి చంద్రుడిలా మెరిసిపోతుంది.

నువార్ ఛాయాగ్రాహకులు చేసిందల్లా రెండో దీపాన్ని తగ్గించడం, లేదా ఆర్పేయడం. అంతే! సగం ముఖం వెలుగులో, సగం చీకట్లో ఉండిపోతుంది. ఒక మనిషి పైకి చెప్పేదొకటి, లోపల దాచుకున్నది మరొకటి అని డైలాగు అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

'డబుల్ ఇండెమ్నిటీ'కి కెమెరా పట్టింది జాన్ సైట్జ్. మూకీల కాలం నుంచీ పనిచేసిన అనుభవజ్ఞుడు. ఫిలిస్ ఇంటి హాల్లోకి పట్టపగలు ఎండ పడుతుంటుంది. కానీ అది కిటికీకి వేలాడే పట్టీల తెరలోంచి వస్తుంది. నేల మీదా, గోడ మీదా, నెఫ్ కోటు మీదా అడ్డగీతలు పడతాయి. అప్పటికింకా అతను ఏ నేరమూ చేయలేదు. జైలు ఊచల నీడ మాత్రం ముందే వచ్చి మీద పడింది! ఆ ఇంట్లో దుమ్ము కనిపించాలని గాల్లోకి అల్యూమినియం రేణువులు వదిలారు. ఎండపొడలో అవి మెరుస్తూ కిందికి దిగుతుంటే, పైకి దర్జాగా ఉన్నా ఎవరూ శుభ్రంగా ఊడ్చుకోని కాపురం అదని చూసేవాళ్లకు అనిపిస్తుంది.

ఇక హత్య దృశ్యం. నెఫ్ కారు వెనక సీట్లో దాక్కుని ఉంటాడు. ఫిలిస్ కారు నడుపుతుంటుంది. పక్కన భర్త. ఆ క్షణం రాగానే కెమెరా హత్యను చూపించదు. ఫిలిస్ ముఖం మీదే నిలిచిపోతుంది. ఆమె కళ్లు రోడ్డు మీంచి పక్కకు తిరగవు. రక్తం చుక్క కనిపించదు కానీ ఒళ్లు జలదరిస్తుంది.

ముగ్గురు మనుషులు

నువార్ పాత్రలంటే టోపీ పెట్టుకున్న డిటెక్టివు, సిగరెట్ పొగ, మత్తు కళ్ల అందగత్తె అనుకుంటాం. పైపై వేషాలవి. అసలు సంగతి వేరు. ఈ సినిమాలోని ముగ్గుర్నీ దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

నెఫ్ పుట్టు నేరస్థుడు కాదు. ఆ పాత్ర చేసిన ఫ్రెడ్ మెక్‌ముర్రే అప్పటిదాకా తేలికపాటి సరదా పాత్రలకు పేరుపడ్డ నటుడు. పక్కింటాయనలా ఉంటాడు. అందుకే ఆ పాత్రకు సరిపోయాడు. క్లెయిముల్లో మోసాలు చూసీచూసీ, 'నేనే చేస్తే దొరక్కుండా చేయగలను' అన్న గర్వం అతనిలో ఎప్పట్నుంచో ఉంది. ఫిలిస్ దానికి తలుపు తెరిచిందంతే.

ఫిలిస్‌గా బార్బరా స్టాన్‌విక్. అప్పటికి అగ్రతార. హంతకురాలి పాత్ర అనగానే ముందు జంకారట. ఆమెకు పెట్టిన బంగారు రంగు విగ్గు చూడగానే విగ్గని తెలిసిపోతుంది. చాలామంది వెక్కిరించారు కూడా. ఆ మనిషిలోని నకిలీతనం కనిపించాలనే అలా పెట్టానని వైల్డర్ తర్వాత చెప్పుకున్నారు. ఇలా ఆకర్షించి ముంచే స్త్రీ పాత్రలు ఆ రోజుల్లోనే ఎందుకు పెరిగాయన్నదానికి విమర్శకులు ఓ కారణం చెబుతారు. మగవాళ్లు యుద్ధానికి వెళ్తే, ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లోకి అడుగుపెట్టి సొంతంగా సంపాదించడం మొదలెట్టారు. ఆ మార్పు చూసి మగవాళ్లలో పుట్టిన బెదురే ఈ పాత్రలుగా తెరకెక్కిందని వారి వాదన.

మూడో మనిషి బార్టన్ కీస్. క్లెయిముల విభాగం అధికారి. నటుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్. దొంగ క్లెయిమ్ వస్తే తన లోపల ఓ చిన్న మనిషి కూర్చుని పోరుపెడతాడంటాడు. నెఫ్ అంటే కీస్‌కు కొడుకు మీదున్నంత ప్రేమ. సినిమా మొత్తం కీస్ చుట్ట నోట పెట్టుకుని అగ్గిపుల్ల కోసం జేబులు తడుముకుంటాడు. ప్రతిసారీ నెఫ్ పుల్ల గీసి అందిస్తాడు. ఈ సినిమాలో నిజమైన ప్రేమకథ వీళ్లిద్దరిదే!

ఎండలో తీసిన ఓ ఆదివారం

ఇంత చీకటి వీళ్లకెలా తెలుసు? దానికి జవాబు కోసం హాలీవుడ్ వదిలి బెర్లిన్ వెళ్లాలి.

1929 వేసవి. డబ్బుల్లేని కొందరు కుర్రాళ్లు కలిసి ఓ మూకీ సినిమా తీశారు. పేరు 'పీపుల్ ఆన్ సండే'. నటులు కానివాళ్లే నటులు. ఓ టాక్సీ డ్రైవరు, గ్రామఫోన్ రికార్డులమ్మే అమ్మాయి, వైన్ వ్యాపారి... ఆదివారం సెలవు దొరికితే నగరం పక్కనున్న చెరువుకెళ్లి ఈత కొట్టి, తిని, నవ్వుకుని, సోమవారం మళ్లీ పనికి పోతారు. అంతే కథ. తెర నిండా ఎండ.

ఆ సినిమాకు పనిచేసిన కుర్రాళ్లెవరో తెలుసా? కథనం అందించింది బిల్లీ వైల్డర్. దర్శకత్వంలో చేయి వేసింది రాబర్ట్ సియోద్‌మాక్, ఎడ్గార్ ఉల్మర్. కెమెరా సహాయకుడు ఫ్రెడ్ జిన్నెమన్. అందరూ యూదు కుటుంబాల పిల్లలే. జిన్నెమన్, ఉల్మర్ ముందే అమెరికా దారి పట్టారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే వైల్డర్, సియోద్‌మాక్ పారిస్‌కు పారిపోయారు. అక్కణ్నుంచి అమెరికా చేరారు.

ఇప్పుడు లెక్క చూడండి. 1944లో వైల్డర్ 'డబుల్ ఇండెమ్నిటీ' తీశారు. 1945లో ఉల్మర్ 'డీటూర్' తీశారు. 1946లో సియోద్‌మాక్ 'ది కిల్లర్స్' తీశారు. 1940ల చివర్లో జిన్నెమన్ 'యాక్ట్ ఆఫ్ వయొలెన్స్' తీశారు. ఎండలో ఆదివారాన్ని చిత్రించిన ఆ నలుగురూ పదిహేను ఇరవై ఏళ్లకు చీకటి సినిమాల దిగ్గజాలయ్యారు.

ఈ మధ్యలో ఏం జరిగింది? వైల్డర్ తల్లి, సవతి తండ్రి, అమ్మమ్మ నాజీల మారణహోమంలో బలయ్యారు. జిన్నెమన్ తల్లిదండ్రులదీ అదే గతి. యుద్ధం ముగిశాక, 1945లో వైల్డర్ అమెరికా సైన్యం తరఫున జర్మనీ వెళ్లారు. మరణ శిబిరాల్లో తీసిన ఫిల్మును కూర్చి జర్మన్లకు చూపించడానికి చేసిన 'డెత్ మిల్స్' డాక్యుమెంటరీలో పనిచేశారు.

జిన్నెమన్ సినిమాలో హీరోకు ఊళ్లో మంచి పేరుంటుంది. ముద్దులొలికే కొడుకు, భార్య, కొత్త ఇల్లు. కానీ యుద్ధంలో నాజీల చెరలో ఉన్నప్పుడు తోటి ఖైదీల గుట్టు శత్రువులకు చెప్పినవాడు. బతికి బయటపడ్డ ఒకే ఒక్క సహచరుడు కుంటుకుంటూ అతన్ని వెతుక్కుంటూ వస్తాడు. ఆ అడుగుల చప్పుడు వినగానే ఆ ఇంట్లో దీపాలు ఆరిపోతాయి. మంచి ఇల్లు, మంచి పేరు ఒక్క రాత్రిలో కూలిపోగలవని చెప్పడానికి ఆ దర్శకుడు ఎవర్నీ అడగక్కర్లేదు!

అలాగని ప్రతి నీడకూ కన్నీళ్లే కారణం కాదు. నీడల్ని సెట్ల మీద రంగులతో గీసేసిన 'ద కేబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' 1920 నాటికే జర్మనీలో వచ్చింది. సైట్జ్ షికాగోలో పుట్టిన అమెరికన్. పొదుపూ ఓ కారణమే. యుద్ధకాలంలో కొత్త సెట్ సామగ్రి ఖర్చు మీద అమెరికా ప్రభుత్వం పరిమితి పెట్టింది. సెట్ సగమే ఉంటే మిగతా సగాన్ని చీకటి దాచేసేది. 'డీటూర్'లో న్యూయార్క్ వీధి కావాల్సి వస్తే ఉల్మర్ సెట్ నిండా పొగమంచు నింపేశారు. లేమి కూడా ఓ శైలి అయింది.

విచిత్రమేమిటంటే, వీళ్లెవరూ తాము 'నువార్' తీస్తున్నామనుకోలేదు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్రాన్స్‌కు అమెరికా సినిమాలు రాలేదు. 1946లో ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. వాటిలో కమ్ముకున్న చీకటి చూసి నినో ఫ్రాంక్ అనే విమర్శకుడు 'ఫిల్మ్ నువార్' అన్నారు. ఫ్రెంచిలో నల్ల సినిమా అని అర్థం.

ఏరువాక నుంచి బొంబాయి చీకట్లోకి

ఆ నీడ మన దేశానికీ వచ్చింది. 1951లో గురుదత్ 'బాజీ' తీశారు. జూదగృహం, పొగ, డబ్బు అవసరమైన మంచి కుర్రాడు... అన్నీ ఉన్నాయి. 1956లో గురుదత్ నిర్మించగా రాజ్ ఖోస్లా తీసిన 'సీఐడీ'లో ఓ ముఠా మనిషి ఉంటుంది. పేరు కామిని. హీరోను బురిడీ కొట్టించేదీ ఆమే, చివరికి అతని కోసం తెగించేదీ ఆమే. ఆ పాత్రలో హిందీ తెరకు పరిచయమైంది ఎవరో కాదు, వహీదా రెహమాన్. అంతకుముందు ఏడాదే 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడి తెలుగువాళ్లను ఉర్రూతలూగించిన అమ్మాయి! ఆ చిత్ర విజయం వల్లే ఆమె గురుదత్ కంటపడ్డారు.

'సీఐడీ' ఛాయాగ్రాహకుడు వి.కె.మూర్తి. మైసూరువాసి. 1959లో 'కాగజ్ కే ఫూల్'లో స్టూడియో చీకట్లోకి ఏటవాలుగా పడే వెలుగు కోసం అద్దాలతో ఎండను లోపలికి తిప్పిన ఘనుడు. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది. ఛాయాగ్రాహకుల్లో ఆ గౌరవం మొదట అందుకున్నది ఆయనే.

ఈసారి చూసేటప్పుడు...

థ్రిల్లర్ ఏదైనా సరే, చూసేటప్పుడు మూడు సంగతులు గమనించండి. వెలుగు ఎటు నుంచి వస్తోంది? ముఖంలో ఏ సగం చీకట్లో ఉంది? ఆ పాత్ర అప్పుడు ఏం దాస్తోంది? పిల్లలతో కలిసి చూస్తే వాళ్లనూ అడగండి. కథ మలుపు తిరగక ముందే గోడ మీది నీడ చూసి వాళ్లే చెప్పేస్తారు.

'డబుల్ ఇండెమ్నిటీ'కి ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఒక్క అవార్డూ రాలేదు. నెఫ్‌కు మరణశిక్ష అమలయ్యే దృశ్యాన్ని ఎంతో ఖర్చు పెట్టి తీశారు వైల్డర్. చూసుకుని, అక్కర్లేదని తీసేశారు. అంతకుముందున్న దృశ్యంతోనే ముగించారు. నెఫ్ ఒప్పుకోలు పూర్తయ్యేసరికి తలుపు దగ్గర కీస్ నిలబడి ఉంటాడు. అన్నీ విన్నాడు. పారిపోబోయిన నెఫ్ గుమ్మం దగ్గరే కూలిపోతాడు. సిగరెట్ నోట పెట్టుకుంటాడు కానీ పుల్ల గీసే శక్తి ఉండదు.

ఈసారి కీస్ వంగి పుల్ల గీస్తాడు. అంత చీకటి సినిమానూ ఆ చిన్న మంటతోనే ముగించాడు వైల్డర్!