పేగు-మెదడు సంబంధం

పేగు-మెదడు సంబంధం అనగా జీర్ణవ్యవస్థకు, మెదడుకు మధ్య నిరంతరం జరుగు రెండువైపుల సమాచార మార్పిడి. ఇది నాడుల ద్వారా, రక్తంలోని హార్మోనుల ద్వారా, రోగనిరోధక వ్యవస్థ ద్వారా జరుగును. మనస్సులోని ఆందోళన కడుపుపై ప్రభావం చూపును. అట్లే కడుపులోని స్థితి మనస్సుపై ప్రభావం చూపును. పేగులలో నివసించు సూక్ష్మజీవులకు కూడా ఇందులో పాత్ర ఉన్నదని 21వ శతాబ్దపు పరిశోధనలు సూచించుచున్నవి. అయితే ఈ విషయంలో జంతువులలో నిరూపితమైనది ఎక్కువ, మానవులలో నిర్ధారణ అయినది తక్కువ. ఈ భేదాన్ని గుర్తించకపోతే రోగి పనికిరాని ఉత్పత్తులకు ధనం వెచ్చించుటయో, అవసరమైన మందులు మానివేయుటయో జరుగవచ్చును.

ఈ సంబంధాన్ని సామాన్యులు ఏనాడో గమనించినారు. తెలుగులో అసూయకు కడుపుమంట అనియు, సంతానాన్ని కోల్పోయిన దుఃఖానికి కడుపుకోత అనియు పేర్లు. జాలి కలిగినపుడు కడుపు తరుక్కుపోయినదని అందురు.

చరిత్ర

1822లో ఉత్తర అమెరికాలోని మాకినా ద్వీపంలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి పొరపాటున తుపాకి గుండు తగిలి, జీర్ణాశయానికి మానని రంధ్రం ఏర్పడినది. అతనికి చికిత్స చేసిన సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆ రంధ్రం గుండా జీర్ణక్రియను అనేక సంవత్సరాలు పరిశీలించి, 1833లో గ్రంథంగా ప్రచురించాడు. కోపం వంటి ఉద్రేకాలు జీర్ణక్రియను మార్చుచున్నవని కూడా ఆయన గమనించాడు.

పేగు గోడలోని నాడీజాలాలలో ఒకదానిని 1857లో గియోర్గ్ మైస్నర్, మరొకదానిని 1860వ దశకంలో లియోపోల్డ్ ఔర్‌బాక్ అను జర్మన్ శాస్త్రజ్ఞులు వర్ణించారు. బయటి నాడులను కోసివేసినను పేగు తన కదలికలను కొనసాగించగలదని 1899లో ఇంగ్లండుకు చెందిన బేలిస్, స్టార్లింగ్ చూపారు. 1921లో జాన్ లాంగ్లీ దీనిని స్వయంచాలిత నాడీవ్యవస్థలో మూడవ విభాగంగా పేర్కొన్నాడు. 1998లో అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ గెర్షన్ వ్రాసిన గ్రంథం వలన పేగుకు "రెండవ మెదడు" అను పేరు ప్రచారంలోకి వచ్చినది. పేగు ఆలోచించునని దీని అర్థం కాదు. తన పనిని తాను నడుపుకొను నాడీవ్యవస్థ దానికి కలదని మాత్రమే అర్థం.

సమాచారం చేరు మార్గాలు

అన్నవాహిక నుండి మలద్వారం వరకు జీర్ణనాళపు గోడలో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నవి. వీటికి మెదడుతో ప్రధాన అనుసంధానం వేగస్ నాడి. కపాలం నుండి బయలుదేరు 12 జతల నాడులలో ఇది పదవది. దీనిలోని తంతువులలో సుమారు 80 శాతం శరీరం లోపలి అవయవాల నుండి మెదడుకు వార్తలు చేరవేయునవే. అనగా ఈ మార్గంలో ఆజ్ఞలకంటె నివేదికలే ఎక్కువ.

రెండవ మార్గం హార్మోనులు. భయం, ఒత్తిడి కలిగినపుడు మెదడులోని హైపోథలమస్ సంకేతం పంపగా, పీయూష గ్రంథి ద్వారా అధివృక్క గ్రంథులు ప్రేరితమై కార్టిసాల్‌ను విడుదల చేయును. ఒత్తిడి సమయంలో జీర్ణాశయం ఖాళీ అగుట మందగించును, పెద్దపేగు కదలిక హెచ్చును. పరీక్షకు ముందు విద్యార్థికి ఆకలి లేకపోవుటకు, మాటిమాటికి మలవిసర్జనకు పోవలసి వచ్చుటకు ఇదియే కారణం. మూడవ మార్గం రోగనిరోధక వ్యవస్థ. పేగులో వాపు కలిగినపుడు వెలువడు సైటోకైన్లు అను పదార్థాలు మెదడును ప్రభావితం చేసి అలసటను, నిరుత్సాహాన్ని కలిగించగలవు.

సెరటోనిన్

శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగులలోనే తయారగును. దీనిని ఆధారం చేసుకొని "సంతోషం పేగులోనే పుట్టును" అను ప్రచారం జరుగుచున్నది. ఇది సరికాదు. పేగులో తయారైన సెరటోనిన్ రక్తానికి, మెదడుకు మధ్యగల అవరోధాన్ని దాటి మెదడులోనికి పోలేదు. మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లం నుండి స్వయంగా తయారు చేసుకొనును. పేగులోని సెరటోనిన్ పేగు కదలికలకు, స్రావాలకు, వేగస్ నాడిని ప్రేరేపించుటకు ఉపయోగపడును. కుంగుబాటుకు ఇచ్చు కొన్ని మందులు వాడిన మొదటి దినాలలో వికారం, విరేచనాలు కలుగుటకు కారణం కూడా ఇదే. ఈ ఇబ్బంది చాలామందిలో కొద్ది వారాలలో తగ్గును.

సూక్ష్మజీవుల పాత్ర

మానవ శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు ఉన్నవని 2016లో వెలువడిన ఒక లెక్క. వీటిలో అత్యధిక భాగం పెద్దపేగులో ఉండును. మనం జీర్ణం చేసుకోలేని పీచుపదార్థాన్ని ఇవి పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అను ఆమ్లాలుగా మార్చును. బ్యూటిరేట్ పెద్దపేగు లోపలిపొర కణాలకు ప్రధాన ఆహారం.

2004లో జపాను శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకలను పరిశీలించారు. ఒత్తిడికి గురిచేసినపుడు వాటిలో హార్మోనుల స్పందన మితిమీరి ఉన్నది. చిన్న వయస్సులో ఒక రకపు బిఫిడోబాక్టీరియాను ఇచ్చినపుడు అది సాధారణ స్థితికి వచ్చినది. 2011లో ఐర్లండులోని కార్క్ నగర పరిశోధకులు పాల్గొన్న ప్రయోగంలో ఒక లాక్టోబాసిల్లస్ రకం ఎలుకలలో ఆందోళనను తగ్గించినది. వేగస్ నాడిని కోసివేసిన ఎలుకలలో ఆ ఫలితం కనిపించలేదు.

ఇదే బాక్టీరియాను 29 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి పరీక్షించగా ఉత్తుత్తి మాత్రకంటె ఎక్కువ ప్రయోజనం కనిపించలేదని 2017లో వెల్లడి అయినది. ఎలుకకు పనిచేసినది మనిషికి పనిచేయునని ముందే నమ్మరాదనుటకు ఇది మంచి ఉదాహరణ.

బెల్జియంలో వేయిమందికి పైగా జరిగిన అధ్యయనం 2019లో ప్రచురితమైనది. కుంగుబాటు ఉన్నవారిలో కోప్రోకాకస్, డయలిస్టర్ అను బాక్టీరియాలు తక్కువగా ఉన్నట్లు అందులో తేలినది. అయితే ఇది కుంగుబాటుకు కారణమో, ఫలితమో ఇట్టి అధ్యయనం చెప్పజాలదు. కుంగినవారికి ఆకలి, ఆహారం, నిద్ర మారును. దాని వలన కూడా సూక్ష్మజీవులు మారవచ్చును.

వాకర్టన్ ఉదంతం

2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో భారీ వర్షాల తరువాత పశువుల ఎరువు నుండి హానికర బాక్టీరియాలు త్రాగునీటి బావిలో కలిసినవి. నీటికి తగినంత క్లోరిన్ కలుపకపోవుటచే సుమారు 2,300 మంది జబ్బుపడగా, ఏడుగురు మరణించారు. పరిశోధకులు ఆ పట్టణవాసులను అనేక సంవత్సరాలు పరిశీలించారు. విరేచనాలు తగ్గిన తరువాత కూడా చాలామందికి కడుపునొప్పి, మలవిసర్జనలో మార్పులు కొనసాగినవి. ఈ స్థితిని ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్ లేక ఐ.బి.ఎస్. అందురు. అధ్యయనంలోనివారిలో రెండు మూడు సంవత్సరాల తరువాత ఇది 28 శాతం మందికి, ఎనిమిది సంవత్సరాల తరువాత 15 శాతం మందికి ఉన్నది. అంతకుముందే ఆందోళన, కుంగుబాటు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. జబ్బు నీటితో మొదలైనది, మనస్సు స్థితి దానిని పొడిగించినది. రెండింటినీ విడదీసి చూచుట సాధ్యం కాదు.

చికిత్సలో ప్రాముఖ్యం

పరీక్షలలో ఏమీ కనబడనపుడు ఐ.బి.ఎస్. రోగులకు "అంతా నీ మనసులోనే ఉన్నది" అను మాట వినవలసి వచ్చును. ఈ నొప్పి కల్పితం కాదు. పేగు నుండి వచ్చు సంకేతాలను నాడీవ్యవస్థ హెచ్చించి గ్రహించుట దీనికి ఒక కారణం. అందువలన మానసిక చికిత్సా పద్ధతులు, తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్ వంటి మందులు కొందరికి ఉపశమనం ఇచ్చును. 463 మందిపై ఇంగ్లండులో జరిగిన పరీక్షలో ఈ మందు ఉత్తుత్తి మాత్రకంటె మెరుగని 2023లో తేలినది.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరిగినది. జీర్ణాశయ పుండ్లు మానసిక ఒత్తిడి వలన వచ్చునని చాలాకాలం నమ్మినారు. హెలికోబాక్టర్ పైలోరి అను బాక్టీరియా వాటికి ముఖ్యకారణమని 1980వ దశకంలో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ నిరూపించి, 2005లో నోబెల్ బహుమతి పొందారు. కావున మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గుట, రక్తహీనత, నిద్రలేపు విరేచనాలు ఉన్నచో వాటిని ఒత్తిడికి అంటగట్టక వైద్యపరీక్ష చేయించుకొనవలెను.

పేగులో పోషకాలు సరిగా శోషణ కాకపోయినను మనస్సు దెబ్బతినును. విటమిన్ బి12 లోపం వలన మతిమరుపు, కుంగుబాటు, కాళ్ళ తిమ్మిర్లు కలుగవచ్చును. మాంసం, గుడ్లు, పాలు తీసుకొననివారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఫోలిక్ ఆమ్లం లోపం కూడా ఇట్టిదే. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940వ దశకంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఈ ఆమ్లాన్ని తయారు చేసినది. పోషకాల శోషణను చెరుపు స్ప్రూ అను పేగు వ్యాధి చికిత్సలో ఇది ఉపయోగపడినది.

ఆహారం

ఆస్ట్రేలియాలో కుంగుబాటు ఉన్న 67 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడినవి. కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగాగల ఆహారం 12 వారాలు తీసుకొన్నవారిలో 32 శాతం మందికి లక్షణాలు తొలగినవి. ఆహారసలహా లేక కేవలం తోడుగా మాట్లాడుట మాత్రమే పొందినవారిలో ఇది 8 శాతం. పరీక్ష చిన్నది, తాము ఏ వర్గంలో ఉన్నదీ పాల్గొన్నవారికి తెలియును. అందుచే ఫలితం ఆశాజనకమే గాని తుదితీర్పు కాదు. వారిలో అధికులు తమ చికిత్సను మానకుండానే ఆహారం మార్చుకొన్నారు.

మన వంటలలో పప్పులు, ఆకుకూరలు, రాగి, జొన్నలు పీచుపదార్థం ఇచ్చును. పెరుగు, మజ్జిగలలో సజీవ బాక్టీరియాలు ఉండును. ఇడ్లీపిండి పులియుటకు బాక్టీరియాలే కారణమైనను, ఆవిరిపై ఉడికినపుడు అవి నశించును. ఇవన్నియు మంచి ఆహారమే గాని కుంగుబాటుకు మందులు కావు. ప్రోబయాటిక్ మాత్రలు రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి హాని చేయవచ్చును. వైద్యుని సలహా లేకుండా మానసిక వ్యాధి మందులను ఆపరాదు.

భారతదేశంలో మానసిక సమస్యలకు 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవను 14416 సంఖ్యపై ఉచితంగా పొందవచ్చును. తెలుగులో కూడా మాట్లాడవచ్చును.