ఖాళీ బెర్తు ఎక్కడుంది?

సంక్రాంతికి ఊరు వెళ్దామని రైలు టిక్కెట్ల కోసం వెతికినవారికి ఒక వింత ఎదురయ్యే ఉంటుంది. రాజమండ్రి నుంచి విజయవాడకు బెర్తు ఉందంటుంది కంప్యూటరు. విజయవాడ నుంచి కాజీపేటకూ ఉందంటుంది. తీరా రాజమండ్రి నుంచి కాజీపేటకు అడిగితే వెయిటింగ్ లిస్టు చూపుతుంది. ఉన్న బెర్తులు ఎవరికోసమో దాచిపెట్టారని కొందరు కోప్పడతారు. అక్కడ దాపరికం ఉండనక్కరలేదు. మామూలు కూడికలతో తేలని లెక్క ఒకటి ఉంది.

సినిమా హాలులో ఒక ఆటకు ఒక కుర్చీ ఒక్కరికే. రైలు బెర్తు అలా కాదు. ఒకరు దిగిన స్టేషనులో మరొకరు అదే బెర్తు ఎక్కవచ్చు. విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ, కాజీపేట, హైదరాబాదు, ఈ 5 స్టేషన్లలోనే ఆగే రైలు ఒకటి ఉందనుకుందాం. అంటే ప్రయాణంలో 4 అంచెలు. ప్రతి బెర్తుకూ 4 గడులు గీసి, అమ్ముడైన అంచెలో 1, ఖాళీ అంచెలో 0 రాద్దాం. 17వ నంబరు బెర్తు విశాఖ నుంచి రాజమండ్రి దాకా ఒకరికి, విజయవాడ నుంచి హైదరాబాదు దాకా ఇంకొకరికి అమ్ముడైంది. దాని వరుస 1011. పక్కనున్న 18వ బెర్తుకు మూడో అంచె మాత్రమే ఖాళీ. దాని వరుస 1101.

ఇప్పుడు రాజమండ్రి నుంచి కాజీపేటకు టిక్కెట్టు కావాలి. కావలసినవి రెండు, మూడు అంచెలు కనుక ఆ కోరిక 0110. దీన్ని ఒక్కొక్క బెర్తు వరుసతో పోల్చి, రెండింటిలోనూ 1 ఉన్న చోట మాత్రమే 1 రాయాలి. దీనినే తర్కగణితంలో ‘ఆండ్’ ప్రక్రియ అంటారు. 17తో పోల్చితే 0010, 18తో పోల్చితే 0100 వస్తుంది. జవాబు 0000 వస్తేనే బెర్తు దొరికినట్లు. ప్రతి అంచెలోనూ ఏదో ఒక బెర్తు ఖాళీగానే ఉంది, కాని రెండు అంచెలకూ కలిపి ఒకే బెర్తు లేదు. (విజయవాడలో నిద్ర లేచి పక్క బెర్తుకు మారే ఓపిక ఉంటే రెండు టిక్కెట్లు కొనుక్కోవచ్చు!)

ఇందులో ఇంకో చిక్కు ఉంది. రాజమండ్రి నుంచి విజయవాడకు మాత్రమే వెళ్లే ప్రయాణికుడు వస్తే అతనికి ఏ బెర్తు ఇవ్వాలి? చివరిదాకా ఖాళీగా ఉన్న బెర్తు ఇస్తే దూర ప్రయాణికుడికి అది పనికిరాకుండా పోతుంది. 17వ బెర్తులో సరిగ్గా పట్టే సందు ఉండగా కొత్త బెర్తును ముక్కలు చేయడం దండగ. మధ్య స్టేషన్లకు వేరే కోటాలు, వేరే వెయిటింగ్ లిస్టులు పెట్టడానికి ఈ ముక్కల బెడద కూడా ఒక కారణం. అసలు రైలుకు స్టేషన్లు, బోగీలు, కోటాలు ఎక్కువ కనుక లెక్క ఇంతకంటే చాలా పెద్దది.

ఒకప్పుడు ఈ లెక్కంతా కాగితం రిజిస్టర్లలో సాగేది. ఢిల్లీలో 1985-86లో కంప్యూటర్లు వచ్చాయి. తరువాత ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు చేరినా, చాలాకాలం ఏ కేంద్రం లెక్క దానిదే. వీటిని కలిపే ‘కాన్సర్ట్’ అనే వ్యవస్థను 1994లో మొదట సికింద్రాబాదులోనే పెట్టారు. అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిసింది 1999లో. ఇంటర్నెట్టులో టిక్కెట్ల అమ్మకం 2002 ఆగస్టులో మొదలైంది.

దేశమంతటా కలిసిన వ్యవస్థలో చివరి బెర్తును ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే? కంప్యూటరు ఆ బెర్తు వివరాలకు తాళం వేసి, ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపుతుంది. ఈ తాళం క్షణంలో పడి క్షణంలో తీయాలి. మనం డబ్బు కట్టేదాకా వేసి ఉంచితే తత్కాల్ వేళ వ్యవస్థ స్తంభించిపోతుంది. సినిమా టిక్కెట్లలో కుర్చీని కొద్ది నిమిషాలు మన పేరున పట్టి ఉంచుతారు. రైల్వేలో అలా పట్టి ఉంచరు. అందుకే డబ్బు కట్టేలోగా ‘అవైలబుల్’ కాస్తా వెయిటింగ్ లిస్టు కావచ్చు.

ఇక మూసివేత సంగతి. బెర్తులు నిండిపోవడం వేరు, అమ్మకం మూసివేయడం వేరు. రెండు చోట్లా కొనేవారికి కనిపించేది ‘దొరకదు’ అనే. కాని కంప్యూటరులో రెండింటినీ సున్నాగా రాస్తే పెద్ద పొరపాటు. నిండిన రైలులో ఎవరైనా టిక్కెట్టు రద్దు చేసుకుంటే ఖాళీ మళ్లీ తెరుచుకోవాలి. రద్దయిన రైలులో తెరుచుకోకూడదు. అందువల్ల బెర్తుల లెక్కను కదపకుండా, దానిమీద ‘మూత’ అనే గుర్తు విడిగా ఉంచుతారు. ఆ మూత ఎందుకు పడిందో కూడా రాసి ఉండాలి: తేదీ ఇంకా తెరవలేదా, చార్టు తయారైందా, రైలే రద్దయిందా? రాత్రి తేదీ మారే వేళ టిక్కెట్ల అమ్మకాన్ని కొద్దిసేపు ఆపే ఏర్పాటు కూడా ఏళ్ల తరబడి ఉంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2020లో తెలిసింది. మార్చి నెలాఖరులో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. అప్పట్లో 120 రోజుల ముందు దాకా టిక్కెట్లు కొనవచ్చు. (2024 నవంబరు 1 నుంచి దీన్ని 60 రోజులకు తగ్గించారు.) మూత ఏప్రిల్ 14 దాకానే ఉండటంతో ఆ తరువాతి తేదీలకు అమ్మకం సాగింది. తీరా ఏప్రిల్ 14న లాక్‌డౌన్‌ను మే 3 దాకా పొడిగించారు. సుమారు 39 లక్షల టిక్కెట్లు రద్దు చేయవలసి వచ్చింది. తెరిచి ఉన్న తేదీని చూసినవాడు రైలు నడుస్తుందనే నమ్ముతాడు. నమ్మకూడదని తెరమీద ఎక్కడుంది?

మూత పెట్టినంత మాత్రాన పని అయిపోదు, అప్పటికే అమ్మినవాటి మాటేమిటి? ఇంటర్నెట్టులో కొన్నవారిని తమంతట తాము రద్దు చేసుకోవద్దన్నారు. ప్రయాణికుడు రద్దు చేసుకుంటే కోత పడే సూత్రం ఒకటి, రైల్వే రద్దు చేస్తే పూర్తి సొమ్ము ఇచ్చే సూత్రం ఒకటి. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో కంప్యూటరుకు తెలుసు కనుక దానంతటదే వెనక్కి వెళ్లింది. కౌంటరులో నగదు ఇచ్చినవారికి అలా పంపే దారి లేదు. వారికి 2020 జూలై 31 దాకా గడువు ఇచ్చారు.

అమ్మకాన్ని ఆ మే 11న మళ్లీ తెరిచినప్పుడు 15 జతల రైళ్లకే, అదీ 7 రోజుల ముందుకు మాత్రమే తెరిచారు. మొదట్లో వెయిటింగ్ లిస్టు కూడా లేదు. మళ్లీ మూయవలసి వచ్చినా రద్దు చేయవలసిన టిక్కెట్లు వారం రోజులవే ఉంటాయి.